పొద్దున్నే కారు స్టార్ట్ కాకపోతే షిఫ్టు పోతుంది: అమెరికాలోని మన వాళ్లకు బ్యాటరీ జాగ్రత్తలు

పోయిన చలికాలం ఒక రోజు తెల్లవారుజామున అయిదున్నరకు నాకు ఫోన్ వచ్చింది. అవతల ఒక తమ్ముడు. చికాగో శివార్లలో ఉంటాడు, గోదాములో పని. "అన్నా, కారు స్టార్ట్ అయితలేదు. టక్ టక్ అని సప్పుడొస్తుంది, అంతే. ఏడింటికి షిఫ్టు. ఇప్పటికే రెండు లేట్లు పడ్డయి. మూడోది పడితే తీసేస్తమన్నరు" అన్నాడు. గొంతు వణుకుతోంది. చలికా, భయానికా తెలియలేదు.

మా వాలంటీర్లకు జీతం ఎగ్గొట్టారనో, పాస్‌పోర్ట్ లాక్కున్నారనో ఫోన్లు వస్తుంటాయి. కారు బ్యాటరీ గురించి కూడా వస్తాయా అని మీరు అడగొచ్చు. వస్తాయి. అమెరికాలో చాలా ఊళ్లలో బస్సు ఉండదు, ఆటో అసలే ఉండదు. కారు కదలకపోతే పని లేదు, పని లేకపోతే అద్దె కట్టలేం. ఇక్కడ మోంటానా రాష్ట్రం తప్ప మిగతా అన్ని చోట్లా కారణం చెప్పకుండానే ఉద్యోగంలోంచి తీసేసే పద్ధతి ఉంది. యూనియన్ ఒప్పందమో, రాతపూర్వక కాంట్రాక్టో ఉంటే తప్ప "నా కారు చెడిపోయింది" అనే మాటకు చట్టంలో పెద్దగా రక్షణ లేదు.

నేను మెకానిక్‌ను కాదు, ఇంటర్ వరకే చదివిన. కానీ ఇరవై ఏళ్లుగా ఈ దేశంలో పాత కార్లే నడిపిన. ఎక్కడ డబ్బులు పోగొట్టుకున్ననో, ఏం నేర్చుకున్ననో అది మీకు చెబుతా.

బ్యాటరీ అంటే ఏమిటి, ఎందుకు చచ్చిపోతుంది?

కారు బ్యాటరీలో ఆరు గదులుంటాయి. ఒక్కో గదిలో సీసం పలకలు, వాటి మధ్య సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన నీళ్లు. ఒక్కో గది రెండు వోల్టులకు కొంచెం ఎక్కువ ఇస్తుంది, ఆరూ కలిస్తే 12 వోల్టుల బ్యాటరీ. 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. మన తిరుపతి దగ్గర కరకంబాడిలో తయారయ్యే అమరాన్ బ్యాటరీ కూడా ఇదే జాతి. ఆ అమరరాజా కంపెనీని 1985లో పెట్టిన గల్లా రామచంద్రనాయుడు కూడా అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి తిరిగి వెళ్లినవారే.

బ్యాటరీ అసలు పని ఇంజన్‌ను మొదటిసారి తిప్పడం. ఇంజన్ నడవడం మొదలయ్యాక ఆల్టర్నేటర్ అనే చిన్న జనరేటర్ కరెంటు తయారుచేసి, వాడుకున్నదాన్ని మళ్లీ బ్యాటరీలో నింపుతుంది. ఇంటి నుంచి పనికి అయిదు నిమిషాల దూరమే అయితే ఆ నింపడం పూర్తి కాదు. తీసింది ఎక్కువ, వేసింది తక్కువ. రోజూ ఇలాగే జరిగితే ఒకరోజు ఖాతా ఖాళీ. దగ్గర్లోనే పని ఉన్నవాళ్ల బ్యాటరీలు ముందుగా పోవడానికి కారణం ఇదే. వారానికి ఒకసారైనా అరగంటకు తగ్గకుండా హైవే మీద నడపండి.

సాధారణంగా బ్యాటరీ మూడు నుంచి అయిదేళ్లు వస్తుంది. అరిజోనా, టెక్సస్ లాంటి వేడి రాష్ట్రాల్లో ఇంకా త్వరగా పోతుంది.

చంపేది ఎండ, బయటపెట్టేది చలి

చలి వల్లే బ్యాటరీ పోతుందని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. వేడికి లోపల నీళ్లు ఆవిరవుతాయి, సీసం పలకలు తొందరగా తుప్పు పడతాయి. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 43 డిగ్రీలు, అంతకన్నా ఎక్కువ ఎండ కాసింది. అలాంటి ఎండాకాలంలో దెబ్బతిన్న బ్యాటరీ అప్పటికి ఎలాగో నెట్టుకొస్తుంది. చలికాలం వచ్చాక బయటపడుతుంది.

ఎందుకంటే చలిలో బ్యాటరీ బలం తగ్గుతుంది, అదే సమయంలో ఇంజన్ ఆయిల్ చిక్కబడి ఇంజన్‌ను తిప్పడానికి ఎక్కువ బలం కావాలి. సున్నా డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర బ్యాటరీ తన బలంలో సగానికి పైగా పోగొట్టుకుంటుంది. 2019 జనవరి 30న చికాగోలో మైనస్ 23 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది. "మా ఊర్లో చలి ఉండదు" అనుకునే డల్లాస్ వాళ్లకు 2021 ఫిబ్రవరిలో మైనస్ 2 చూపించింది. అందుకే ఎక్కడున్నా సరే, అక్టోబర్ నెలలోనే బ్యాటరీ పరీక్ష చేయించుకోండి.

ముందే కనిపించే గుర్తులు

కారు ఒక్కరోజులో మోసం చేయదు. కొన్ని వారాల ముందు నుంచే చెబుతూ ఉంటుంది, మనమే పట్టించుకోం.

తాళం తిప్పినప్పుడు ఇంజన్ బద్ధకంగా, మెల్లగా తిరుగుతుంటే అది మొదటి గుర్తు. ఇంజన్ స్టార్ట్ చేసేటప్పుడు లోపలి లైట్లు బాగా మసకబారడం రెండోది. బ్యాటరీ మొనల మీద తెల్లగానో, నీలం పచ్చగానో పొడి పేరుకోవడం, డబ్బా పక్కలు ఉబ్బడం, కుళ్లిన గుడ్డు వాసన రావడం తర్వాతివి. ఉబ్బిన బ్యాటరీని, వాసన వచ్చే బ్యాటరీని ముట్టుకోకండి, ఛార్జింగ్ పెట్టకండి. తెలిసినవాళ్లతో మార్పించండి.

ఇంకొకటి. కారు నడుస్తుండగా డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి బ్యాటరీ బొమ్మ వెలిగితే అది బ్యాటరీ తప్పు కాకపోవచ్చు. ఆల్టర్నేటర్ పనిచేయడం లేదనో, బెల్టు తెగిందనో అర్థం. ఏసీ, రేడియో ఆపేసి దగ్గర్లోని సురక్షితమైన చోటికి, వీలైతే షాపుకే పోనివ్వండి. మధ్యలో ఇంజన్ ఆపితే మళ్లీ స్టార్ట్ కాకపోవచ్చు.

బ్యాటరీ వయసు తెలుసుకోవాలంటే దాని మీద స్టిక్కర్ చూడండి. చాలా కంపెనీలు నెలకు ఒక అక్షరం, ఏడాదికి ఒక అంకె వేస్తాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో మొదటిది జనవరి, రెండోది ఫిబ్రవరి, అలా. పాత కారు కొనేటప్పుడు ముందు ఇదే చూడండి. నలుగురు స్టూడెంట్లు కలిసి చవకగా కారు కొన్నాక మొదటి నెలలోనే బ్యాటరీకి 200 డాలర్లు పెట్టిన కథలు నేను చాలా విన్న.

పైసా ఖర్చు లేని పరీక్ష

ఆటోజోన్, ఓరైలీ, అడ్వాన్స్ ఆటో పార్ట్స్ లాంటి దుకాణాల్లో బ్యాటరీ పరీక్ష ఉచితంగా చేస్తారు. అక్కడ కొనాలనే షరతు లేదు. ఆల్టర్నేటర్‌ను కూడా చూడమని అడగండి. కొత్త బ్యాటరీ అక్కడే కొంటే చాలా కార్లకు వాళ్లే ఉచితంగా బిగిస్తారు. బ్యాటరీ సీటు కింద, చక్రం దగ్గర దాగి ఉన్న కార్లకైతే కుదరదంటారు, ముందే అడగండి.

ఇంట్లోనే చూసుకోవాలంటే చవక రకం మల్టీమీటర్ ఒకటి చాలు. కారు ఆపి కొన్ని గంటలు గడిచాక కొలవండి. 12.6 వోల్టులు, ఆపైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు వంతు. 12.2 అంటే సగం. 12 కి వచ్చిందంటే దాదాపు ఖాళీ. ఇంజన్ ఆన్ చేసి కొలిస్తే సుమారు 13.5 నుంచి 14.7 మధ్య చూపించాలి. 13 కూడా రాకపోతే ఆల్టర్నేటర్‌ను అనుమానించండి.

ఈ చిన్న పరీక్ష తెలియక నేనే ఒకసారి నష్టపోయిన. ఒక షాపువాడు బ్యాటరీ, ఆల్టర్నేటర్ రెండూ పోయినయి అన్నాడు. నమ్మి రెండూ మార్పించుకున్న. ఆ వారం జీతమంతా అక్కడే పోయింది. నెల తిరగకముందే మళ్లీ అదే సమస్య. ఇంకో మెకానిక్ చూసి, మొన దగ్గర వైరు వదులైంది అని ఒక స్పానర్‌తో రెండు నిమిషాల్లో బిగించాడు. డబ్బులు కూడా తీసుకోలేదు. అందుకే చెబుతున్న, పెద్ద ఖర్చు చెప్పినప్పుడు రెండో చోట చూపించుకోండి, అంచనా కాగితం మీద రాసివ్వమని అడగండి.

మొనలు శుభ్రం చేయడం

ఇంజన్ ఆపి, తాళం తీసేయండి. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. ఉంగరాలు, కడియాలు, గడియారం తీసి పక్కన పెట్టండి. మెటల్ రెండు మొనలకూ తగిలితే ఎర్రగా కాలి చర్మం ఊడుతుంది. ముందు మైనస్ వైరు విప్పాలి, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివరికి మైనస్. ఈ వరస మర్చిపోవద్దు.

వంట సోడా నీళ్లలో కలిపి, పాత టూత్‌బ్రష్‌తో ఆ పొడిని రుద్ది, తడి గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. వైరు చేత్తో కదిపితే కదలకుండా బిగించండి. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి, ఆ మొనలు సీసం. పిల్లల్ని ముట్టుకునే ముందు తప్పకుండా కడుక్కోండి. ఆమ్లం కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లు పోసి, వెంటనే ఆసుపత్రికి పోవాలి. పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222. ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులు తీసుకోరు.

జంపర్ కేబుల్స్: వరస తప్పితే ప్రమాదం

ఆ రోజు తమ్ముడికి ఫోన్‌లో నేను చెప్పింది ఇదే. పక్క అపార్ట్‌మెంట్‌లో ఒక మెక్సికో పెద్దాయన తన ట్రక్కు తెచ్చి సాయం చేశాడు.

రెండు కార్లూ ఒకదానికొకటి తగలకుండా దగ్గరగా ఆపండి. రెండూ పార్కులో పెట్టి, ఇంజన్లు ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేయండి.

1. ఎర్ర క్లిప్పు ఒకటి చచ్చిన బ్యాటరీ ప్లస్‌కు.
2. రెండో ఎర్ర క్లిప్పు మంచి బ్యాటరీ ప్లస్‌కు.
3. నల్ల క్లిప్పు మంచి బ్యాటరీ మైనస్‌కు.
4. చివరి నల్ల క్లిప్పు చచ్చిన కారు బ్యాటరీకి పెట్టొద్దు. ఇంజన్ మీద బ్యాటరీకి దూరంగా, పెయింటు లేని గట్టి ఇనుప భాగానికి పెట్టండి.

నాలుగోది ఎందుకంటే చివరి క్లిప్పు తగిలేటప్పుడు నిప్పురవ్వ వస్తుంది. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉంటుంది, అది అంటుకుంటే డబ్బా పేలి ఆమ్లం ముఖం మీద పడుతుంది. సిగరెట్ కూడా వద్దు.

మంచి కారు ఇంజన్ ఆన్ చేసి కొన్ని నిమిషాలు ఆగి, తర్వాత మీ కారు స్టార్ట్ చేయండి. స్టార్ట్ అయ్యాక పెట్టిన వరసకు తలకిందులుగా, 4 నుంచి 1 దాకా తీసేయండి. వెంటనే ఇంజన్ ఆపొద్దు. కనీసం అరగంట నడిపి, అదే రోజు బ్యాటరీ పరీక్ష చేయించండి.

గట్టి చలిలో ఒక హెచ్చరిక. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీ 20 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరే గడ్డకట్టవచ్చు. డబ్బా ఉబ్బినా, పగిలినా జంప్ ఇవ్వడానికి ప్రయత్నించకండి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో కూడా 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది. వాటికి కారు పుస్తకంలో చెప్పిన చోటే క్లిప్పు పెట్టాలి. నారింజ రంగు వైర్లను ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోవద్దు.

మూసిన గ్యారేజీలో ఇంజన్ ఆన్ చేసి బ్యాటరీ ఛార్జ్ అవనీ అని వదిలేయొద్దు. మంచు పడినప్పుడు పొగ గొట్టం మూసుకుపోయిందేమో చూడకుండా కార్లో హీటర్ వేసుకుని కూర్చోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. అగ్నిప్రమాదాలు కాకుండానే ఈ వాయువు వల్ల అమెరికాలో ఏటా 400 మందికి పైగా చనిపోతున్నారని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది.

కొత్తది కొనేటప్పుడు

కారు పుస్తకంలో గ్రూప్ సైజు అని ఉంటుంది, అదే సైజు కొనాలి. చలి రాష్ట్రాల వాళ్లు సీసీఏ అనే అంకె చూడండి. సున్నా డిగ్రీల ఫారెన్‌హీట్‌లో 30 సెకన్ల పాటు బ్యాటరీ ఎంత కరెంటు ఇవ్వగలదో అది చెబుతుంది. కారు కంపెనీ చెప్పిన అంకెకు తగ్గొద్దు. సిగ్నల్ దగ్గర దానంతటదే ఆగి స్టార్ట్ అయ్యే కార్లకు చాలావరకు ఏజీఎమ్ రకం ఉంటుంది. అది ఉన్నచోట మామూలుది వేయిస్తే తొందరగా పోతుంది.

ధర సాధారణంగా 150 నుంచి 300 డాలర్ల మధ్య ఉంటుంది. బిల్లులో కోర్ ఛార్జ్ అని ఇంకో మొత్తం కనిపిస్తుంది. అది డిపాజిట్, పాత బ్యాటరీ అప్పగిస్తే తిరిగి ఇస్తారు. మన వాళ్లు చాలామంది తెలియక వదిలేసుకుంటున్నారు. పాతదాన్ని చెత్తకుండీలో వేయకండి, నేరం కూడా. లాస్ ఏంజెలెస్ దగ్గర వెర్నన్‌లో ఎక్సైడ్ కంపెనీ పాత బ్యాటరీలు కరిగించే ప్లాంటు 2015లో మూతపడింది. ఆ చుట్టుపక్కల వేల ఇళ్ల మట్టిలోంచి సీసం తీసేసే పని ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి సాగింది. అక్కడ ఉండేవాళ్లలో ఎక్కువమంది మనలాగే వలసవచ్చిన కష్టజీవులు.

రసీదు ఫొటో తీసి దాచుకోండి. చాలా బ్యాటరీలకు రెండు మూడేళ్ల వారంటీ ఉంటుంది, ఆ లోపు పోతే ఉచితంగా మారుస్తారు. రసీదు లేకపోతే వాదన మొదలవుతుంది. బయట బ్యాటరీ వేయిస్తే కారు వారంటీ మొత్తం పోతుందని ఎవరైనా భయపెడితే నమ్మకండి. 1975 నాటి మాగ్నుసన్-మాస్ వారంటీ చట్టం అలాంటి షరతును ఒప్పుకోదు.

ఇండియాకు నెల రోజులు వెళ్తుంటే

కదలని కారులో కూడా అలారం, కంప్యూటర్ కొంచెం కొంచెం కరెంటు తాగుతూనే ఉంటాయి. స్నేహితుడికి తాళం ఇచ్చి వారానికోసారి అరగంట నడపమనండి. మీ ఇన్సూరెన్స్ అతనికి వర్తిస్తుందో లేదో ముందే కనుక్కోండి. ఉన్నచోటే అయిదు నిమిషాలు ఇంజన్ ఆన్ చేసి ఆపితే లాభం కన్నా నష్టమే ఎక్కువ. గ్యారేజీలో ప్లగ్గు ఉంటే బ్యాటరీ మెయింటెయినర్ అనే చిన్న పరికరం పెట్టి వెళ్లొచ్చు.

పని దగ్గర మీ హక్కు ఎంతవరకు?

ఇంటి నుంచి పనికి పోయే సమయానికి జీతం అడగలేం, 1947 నాటి చట్టం ఆ సంగతి తేల్చేసింది. కానీ షిఫ్టు మధ్యలో ఒక సైటు నుంచి ఇంకో సైటుకు పంపితే ఆ ప్రయాణం పని గంటల్లోకే వస్తుంది. యజమాని పని కోసం మీ సొంత కారు వాడితే కాలిఫోర్నియాలో లేబర్ కోడ్ 2802 కింద ఆ ఖర్చు యజమానే ఇవ్వాలి. ఇల్లినాయిస్‌లో కూడా 2019 జనవరి 1 నుంచి ఇలాంటి చట్టం ఉంది. ఈ చట్టం లేని రాష్ట్రాల్లో కూడా, పని కోసం మీరు పెట్టిన ఖర్చు తీసేస్తే ఆ వారం జీతం గంటకు 7.25 డాలర్ల ఫెడరల్ కనీస వేతనం కంటే తగ్గకూడదు.

లేట్ అయ్యారని కొందరు యజమానులు అంతకుముందు చేసిన పని గంటల జీతం కూడా ఆపుతారు. అది చట్టవిరుద్ధం. ఉద్యోగం తీసేసినా చేసిన ప్రతి గంటకూ జీతం ఇవ్వాల్సిందే. కార్మిక శాఖ వేతన విభాగం నంబరు 1-866-487-9243. మీ వివరాలు రహస్యంగా ఉంచుతారు, వీసాతో సంబంధం లేకుండా ఫిర్యాదు తీసుకుంటారు.

కారు స్టార్ట్ కాలేదని తెలియగానే మేనేజర్‌కు ఫోన్ చేసి, అదే విషయం మెసేజ్ కూడా పెట్టండి. చచ్చిన కారు ఫొటో, మెకానిక్ బిల్లు దాచుకోండి. ఉద్యోగం నిలుస్తుందని గ్యారంటీ ఇవ్వలేను. కానీ చెప్పకుండా రాలేదు అనే మాట మీ మీద పడకుండా అది కాపాడుతుంది. మా తమ్ముడు ఆ రోజు ఏడుంపావుకు చేరాడు. అయిదుంబావుకే పెట్టిన మెసేజ్, పక్కింటాయన ట్రక్కుతో జంప్ ఇస్తున్న ఫొటో చూపించాడు. సూపర్‌వైజర్ మూడో లేట్ రాయలేదు. ఆ వారాంతమే కొత్త బ్యాటరీ వేయించుకున్నాడు.

ఈ వారమే మూడు పనులు చేయండి. స్టిక్కర్ మీద బ్యాటరీ తేదీ చూడండి. మూడేళ్లు దాటితే దుకాణంలో ఉచిత పరీక్ష చేయించండి. డిక్కీలో జంపర్ కేబుల్స్, టార్చి, ఒక దుప్పటి, గ్లవ్స్ పెట్టుకోండి. మీ ఇన్సూరెన్స్‌లో రోడ్డుసైడ్ సాయం ఉందో లేదో చూసి, ఆ నంబరు ఫోన్లో సేవ్ చేసుకోండి. కొత్తగా వచ్చిన రూమ్మేట్లకు, మొదటి చలికాలం చూడబోతున్న పిల్లలకు ఈ విషయాలు చెప్పండి.